టెక్ సందేహాలు: ప్లగిన్లకు తలుపు తీసే ముందు

ప్రశ్న: మేం నలుగురం కలిసి ఆండ్రాయిడ్‌కు ఓపెన్ సోర్స్ స్ట్రీమింగ్ యాప్ చేశాం. పాడ్‌కాస్ట్‌లు, పాత హరికథలు, నాటకాల రికార్డింగులు వినొచ్చు. ‘ఫలానా సైటు కూడా కలపండి’ అని రోజూ ఎవరో ఒకరు అడుగుతున్నారు. ఎవరికి కావాల్సిన ప్లగిన్ (యాప్‌కు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాం) వాళ్లే రాసుకునేలా చేద్దామనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి?
– వరంగల్ పాఠకుడు

జవాబు: మంచి ఆలోచన, తప్పకుండా చేయండి. ఏదో ఒక సైటు తన పేజీ మార్చిన ప్రతిసారీ యాప్ మొత్తానికి కొత్త వెర్షన్ వదలడం నలుగురి వల్ల అయ్యే పని కాదు. అయితే ముందు ఒకటి తేల్చుకోండి. బయటివాళ్ల కోడ్ ఎక్కడ నడవాలి?

స్ట్రెమియో అనే వీడియో యాప్‌లో యాడాన్ (ప్లగిన్‌కు అక్కడి పేరు) ఎక్కడో సర్వర్‌లో ఉంటుంది. యాప్ అడుగుతుంది, అది జేసన్‌లో (సమాచారం పంపుకునే ఒక టెక్స్ట్ పద్ధతి) జవాబిస్తుంది. ఫోన్‌కు బెడద తక్కువే గానీ, ప్లగిన్ రాసే ప్రతి కుర్రాడూ సర్వర్ నడపాలి. కోడి అనే మీడియా ప్లేయర్‌లో పైథాన్ యాడాన్లు యాప్ లోపలే నడుస్తాయి. అందులో ఎంత ప్రమాదముందో 2018లో తేలింది. కొన్ని బయటి రిపాజిటరీల్లో (యాడాన్లు దించుకునే చోట్లు) మామూలు యాడాన్లు వాడుకునే ఒక కోడ్ లైబ్రరీకే, వాడేవాళ్ల కంప్యూటర్‌తో దొంగచాటుగా క్రిప్టోకరెన్సీ తవ్వుకునే మాల్‌వేర్ తగిలించారని సైబర్ భద్రతా సంస్థ ఈసెట్ బయటపెట్టింది. వెర్షన్ నంబరు అసలుదానికంటే కాస్త పెంచారు, అంతే. ఆటో అప్‌డేట్ దాన్నే కొత్తదనుకుని దించేసుకుంది.

అందుకే మీకు మూడో దారి చెబుతాను. గ్రేజే అనే వీడియో యాప్‌లో లాగా ప్లగిన్‌ను జావాస్క్రిప్ట్‌లో రాయించి, యాప్‌లోని చిన్న ఇంజిన్‌లో విడిగా నడపండి. క్విక్‌జేఎస్ అనే చిన్న జావాస్క్రిప్ట్ ఇంజిన్ సరిపోతుంది. గూగుల్ ప్లే నిబంధనలూ ఇటే చూపిస్తాయి. బయటి నుంచి డెక్స్, జార్ లాంటి ప్రోగ్రాం ఫైళ్లు దించి నడపడం కుదరదు. ఆండ్రాయిడ్ ఏపీఐలు (ఫోన్ సౌకర్యాలు వాడుకునే దారులు) నేరుగా కాక పరోక్షంగా అందే ఇంటర్‌ప్రెటర్‌లో (కోడ్‌ను చదువుతూ నడిపే ఇంజిన్) నడిచే కోడ్‌కు మాత్రం మినహాయింపు ఉంది. ఐఫోన్‌కూ తేవాలనుకుంటే బయటి కోడ్ దించి నడపడం గురించిన ఆపిల్ నిబంధన 2.5.2 ముందే చదవండి, అది ఇంకా గట్టిది.

ప్లగిన్‌ను మూడే అడగండి. వెతుకు, వివరాలివ్వు, ప్లే చేసే లింకివ్వు. నెట్‌కు వెళ్లే పని దానికి వదలకండి, మీ యాపే చేసిపెట్టాలి. ఏయే సైట్లు కావాలో ప్లగిన్ ముందే రాసివ్వాలి, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఆ పేర్లు వాడేవాళ్లకు చూపించాలి.

ఇక్కడ చాలామంది బోల్తాపడతారు. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత డిజిటల్ లైబ్రరీ ప్లగిన్‌కు ‘ఆర్కైవ్.ఆర్గ్’ ఒక్కటే అనుమతిస్తే వెతకడం పనిచేస్తుంది, పాట మాత్రం మోగదు. ఫైలు ఆ సైటు సబ్‌డొమైన్ల నుంచి (సైటు పేరుకు ముందు ఇంకో పేరూ చుక్కా ఉన్న అడ్రసులు) వస్తుంది మరి. అలాగని పేరులో ‘ఆర్కైవ్.ఆర్గ్’ ఎక్కడున్నా సరే అనుకుంటే, ఆ అక్షరాలు ముందు తగిలించుకున్న దొంగ సైటు కూడా దూరిపోతుంది. పేరు అచ్చంగా అదే కావాలి, లేదంటే ముందు చుక్కతో సహా దానితోనే ముగియాలి. రీడైరెక్ట్ అయిన (ఇంకో అడ్రసుకు మళ్లించిన) ప్రతిసారీ పేరు మళ్లీ సరిచూడండి.

ప్రతి ప్లగిన్‌కూ రాసినవాళ్ల డిజిటల్ సంతకం ఉండాలి. అప్‌డేట్‌లో ఆ సంతకానికి వాడిన కీ మారితే, వెర్షన్ నంబరు ఎంత పెద్దదైనా ఆపేయండి. యాప్‌తో పాటు మీరిచ్చే జాబితాలో హక్కుల గొడవ లేని సైట్లే పెట్టండి. పైరసీ యాడాన్ల వల్ల కోడి ఏళ్లతరబడి చెడ్డపేరు మోసింది.

ప్రశ్న: కోడిలో జిప్ ఫైలు ఎక్కించబోతే ‘అన్‌నోన్ సోర్సెస్’ (బయటి చోట్ల నుంచి తెచ్చిన యాడాన్లను అనుమతించే సెట్టింగ్) ఆన్ చేయమంటోంది. చేయొచ్చా?

జవాబు: ఆ జిప్ ఎవరు తయారుచేశారో తెలియకపోతే వద్దు. కోడి సొంత రిపాజిటరీలోని యాడాన్లకు అది ఆన్ చేయక్కర్లేదు. ముందు అక్కడ వెతకండి.