సందేహాలు – సమాధానాలు: 'సామర్థ్యత' ఉందా?

సందేహం: 'అంతర్జాతీయ మానవతా సహాయ సామర్థ్యతను కొలిచారు' అని ఒక పత్రికలో చదివాను. 'సామర్థ్యత' సాధువేనా? దీనికీ 'సార్థకత'కూ తేడా ఏమిటి?

సమాధానం: సాధువు కాదు. సమర్థుని భావం సామర్థ్యం, కాదంటే సమర్థత. 'య', 'త' అనే రెండు భావప్రత్యయాలూ ఒకే మాటకు తగిలిస్తే గొడుగు మీద గొడుగు పట్టినట్టే. 'ప్రాముఖ్యత', 'ప్రావీణ్యత' రోజూ అచ్చవుతున్నాయి కదా అంటారు. అవుతున్నాయి. 'ఐక్యత'ను ఇక వెళ్లగొట్టలేం, తక్కినవాటికైనా అడ్డుపడదాం.

అసలు సంగతి 'సమర్థ'లో ఉంది. పాణిని 'సమర్థః పదవిధిః' (2.1.1) అన్నాడు. అర్థం కలిసిన పదాలకే సమాసం. సమాసం కుదరని చోటుకు వ్యాఖ్యాతలిచ్చే ప్రత్యుదాహరణ చూడండి: 'భార్యా రాజ్ఞః, పురుషో దేవదత్తస్య'. భార్య రాజుది, మనిషి దేవదత్తుని వాడు. 'రాజ్ఞః', 'పురుషః' పక్కపక్కనే ఉన్నా 'రాజపురుషః' (రాజు మనిషి) కావు. పక్కన ఉండటం వేరు, అతకడం వేరు.

సహాయాన్ని కొలిచేవారు తరచు తప్పేదీ ఇక్కడే. 10,000 మంది ఉన్న శిబిరం అనుకోండి. విపత్తు సాయానికి కనీస స్థాయిలు చెప్పే స్ఫియర్ ప్రమాణాల ప్రకారం మనిషికి రోజుకు కనీసం 15 లీటర్లు, అంటే మొత్తం 1,50,000 లీటర్ల నీరు. 250 మందికొకటి చొప్పున 40 కుళాయిలు. అన్నీ అమరాయి. ఇంటికి రెండేసి ఇవ్వవలసిన 10–20 లీటర్ల పాత్రలు మాత్రం రాలేదు. జనం దొరికిన మూతలేని గిన్నెల్లో పట్టుకుంటారు, నీరు చెడుతుంది, విరేచనాలు తగ్గవు. నివేదికలో లీటర్ల లెక్క మాత్రం నిండుగా ఉంటుంది. నీరూ అవసరమూ పక్కపక్కనే ఉన్నాయి, సమాసం కుదరలేదు.

తక్కువ ఖర్చుతో ఆ లీటర్లు తేవడం సామర్థ్యం; విరేచనాలు తగ్గడం సార్థకత. అభివృద్ధి సాయం కోసం ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాల కూటమి) 1991లో పెట్టిన ఐదు గీటురాళ్లలోనూ ఇవి రెండూ వేర్వేరు. మిగతావి ఔచిత్యం ('ఔచిత్యత' అనకండి!), ప్రభావం, నిలకడ, 2019లో పొందిక చేరింది. తాత్కాలిక గుడారాన్ని నిలకడ అడగలేం కనుక, విపత్తు సాయంలో దాని బదులు తర్వాతి పనులతో అనుసంధానం చూస్తారు, ఎందరికి అందిందో వ్యాప్తి కూడా చూస్తారు.

సహాయ సంస్థల అధ్యయన వేదిక అల్‌నాప్ 2010 నుంచి కొన్నేళ్లకొకసారి మొత్తం సహాయ వ్యవస్థ మీద వెలువరించే నివేదికలోనూ ఒక్కో గీటురాయికి తీర్పు విడిగానే ఉంటుంది. అన్నిటికీ కలిపి ఒక్క మాట కావాలంటే 'పనితీరు' నాకు చాలు. శీర్షికలో 'సమర్థత' అన్నా తప్పుపట్టను, కింద ఏది కొలిచారో రాస్తే.