పీ0090 కోడ్ వస్తే పంపు మార్చేయకండి

వరద నీళ్లలో నడిపాక మీ డీజిల్ కారు చెక్ ఇంజిన్ లైటు వెలిగి, పీ0090 కోడ్ వచ్చిందని, మెకానిక్ హై ప్రెషర్ పంపు మార్చమంటున్నాడని రాశారు. ఆగండి. ఆ కోడ్ చెప్పేది ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటర్ (డీజిల్ ఒత్తిడిని అదుపు చేసే భాగం) కరెంటు సర్క్యూట్‌లో తేడా గురించి. పంపు అరిగిందని కాదు.

ముందు ఇగ్నిషన్ ఆపి, రెగ్యులేటర్ మీది రెండు వైర్ల కనెక్టర్ ఊడదీసి చూడండి. కోనసీమ ఉప్పుగాలికి తోడు వరద నీళ్లంటే పిన్నులకు పచ్చటి చిలుము పట్టే ఉంటుందండి. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆరనివ్వండి. వైరింగ్ పొడవునా ఎలుక కొరుకుళ్లు కూడా వెతకండి. వరిచేల పక్కన పెట్టే బళ్లకు ఇది మామూలే.

తర్వాత మల్టీమీటర్. రెగ్యులేటర్ రెండు పిన్నుల మధ్య సాధారణంగా కొద్ది ఓమ్‌లే ఉంటాయి, సరైన అంకె మీ మోడల్ మాన్యువల్లో చూడండి. ఓపెన్ (లోపల తెగినట్టు) చూపిస్తే రెగ్యులేటర్ లోపలి కాయిల్ పోయినట్టే. బాగుంటే ఇగ్నిషన్ ఆన్ చేసి, ఊడదీసిన కనెక్టర్‌లో సప్లై వైరు చూడండి. చాలా బళ్లలో 12 వోల్టుల దగ్గర రావాలి. రాకపోతే ఫ్యూజు, రిలే చూడండి. వోల్టులు సరిగ్గా వస్తే, బ్యాటరీ నెగటివ్ తీసేసి, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) దాకా రెండో వైరు, అంటే కంట్రోల్ వైరు, కంటిన్యుటీ (ఎక్కడా తెగలేదా అని) చూడండి. వైరును కదుపుతూ చూడాలి, లోపల తెగిన వైరు అప్పుడే దొరుకుతుంది. ఆ వైరుకు టెస్ట్ ల్యాంపు మాత్రం పెట్టొద్దు, ఈసీయూ పోవచ్చు.

ఇంజిన్ నడుస్తుండగా ఫ్యూయల్ రైలు (ఇంజెక్టర్లకు డీజిల్ పంచే గొట్టం) పైపులు అస్సలు వదులు చేయొద్దు. లోపల ప్రెషర్ వెయ్యి బార్ దాటొచ్చు, చర్మంలోకి డీజిల్ దూసుకెళ్తుంది.

ఓమ్, వోల్టు రీడింగులు వచ్చాక ఇక్కడ పెట్టండి.