ఆగస్టులో ఎడిన్‌బరా: నవ్వులు, పల్లె పాటలు

ప్రశ్న: మా అబ్బాయి ఎడిన్‌బరాలో ఉద్యోగం చేస్తున్నాడు. ఆగస్టులో నన్నూ, మావారినీ రమ్మంటున్నాడు. అప్పుడు ఊరంతా కామెడీ షోలేనట. ఇంగ్లిష్ వార్తలు అర్థమవుతాయి గానీ, ఆ యాసలో జోకులు అందుతాయా అని టెన్షన్. నాకు పల్లె పాటలంటే ప్రాణం. అక్కడ ఏం చూడమంటారు?
- ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: తప్పకుండా వెళ్లండమ్మా. ఆ నెలలో అక్కడ హోటల్ గదుల ధరలు మండిపోతాయి. మీకు కొడుకు ఇల్లే ఉంది.

మీ అబ్బాయి చెప్పింది ఫ్రింజ్ ఉత్సవం గురించి. 1947లో ఎడిన్‌బరాలో పెద్ద కళోత్సవం మొదలైనప్పుడు, ఎనిమిది నాటక బృందాలు పిలవని పేరంటానికి వచ్చినట్టు వచ్చి, దొరికిన హాళ్లలో ఆడేశాయి. ఫ్రింజ్ అలా పుట్టింది. ఇప్పటికీ ఎవరు ఆడాలో ఎంపిక చేసే కమిటీ లేదు. అందుకే అద్భుతమైనవీ ఉంటాయి, భరించలేనివీ ఉంటాయి. పోస్టర్ మీది నక్షత్రాలకంటే క్యూలో పక్కన నిలబడ్డవాళ్ల మాట నమ్మండి. షో చాలావరకు గంటే.

యాస గురించి బెంగ వద్దు. రాయల్ మైల్ వీధిలో గారడీలు, మూకాభినయాలు పగలంతా జరుగుతుంటాయి. వాటికి భాషతో పని లేదు. స్టాండప్ చూడాలనిపిస్తే ‘ఫ్రీ ఫ్రింజ్’ షోకి వెళ్లండి. టికెట్ ఉండదు, అయిపోయాక కళాకారుడు గుమ్మం దగ్గర బకెట్ పట్టుకుని నిలబడతాడు. నచ్చితే ఐదో పదో పౌండ్లు వేయండి, అదే అతని సంపాదన. ముందు వరసలో మాత్రం కూర్చోకండి, మిమ్మల్నే మాటల్లోకి లాగుతారు. ఎన్నేళ్లవాళ్లు చూడవచ్చో కార్యక్రమాల జాబితాలో ఉంటుంది. పద్దెనిమిది దాటినవాళ్లకే అని ఉంటే బూతులు దండిగా ఉంటాయని అర్థం. కొడుకు పక్కన కూర్చుని అవి వినడం ఇబ్బందే.

ఇక పాటలు. నేను ఆ ఊళ్లో ఉన్నప్పుడు నా సాయంత్రాలన్నీ వీటికే పోయేవి. ఫారెస్ట్ రోడ్డులో శాండీ బెల్స్ అనే పబ్ ఉంది, ఇన్‌ఫర్మరీ వీధిలో రాయల్ ఓక్ ఉంది. పబ్ అని జంకకండి, ఆరెంజ్ జ్యూస్ తీసుకుని ఎంతసేపైనా కూర్చోవచ్చు. వేదిక ఉండదు. మూల బల్ల చుట్టూ ఫిడేలువాళ్లు, వేణువువాళ్లు చేరతారు. ఒకరు బాణీ ఎత్తుకుంటే తెలిసినవాళ్లు కలుస్తారు. వాయించేది ప్రధానంగా వాళ్లకోసమే, మనం పక్కన కూర్చుని వినేవాళ్లం. ఆ బల్ల దగ్గరి కుర్చీలు వాళ్లకు వదిలేయండి. బాణీ నడుస్తున్నప్పుడు ఫోన్ మొహాల మీద పెట్టొద్దని మీవారికి కూడా చెప్పండి. ఎవరైనా వాయిద్యం లేకుండా గొంతెత్తితే పబ్ అంతా మాట ఆపేస్తుంది. నాకు అన్నిటికంటే ఇష్టమైన క్షణం అది.

మీకు పల్లె పాటలు ఇష్టమన్నారు కాబట్టి ఒక మాట. స్కాట్లండ్ పడమటి దీవుల్లో ఆడవాళ్లు కొత్తగా నేసిన ఉన్ని గుడ్డను తడిపి, బల్ల చుట్టూ కూర్చుని లయగా బాదుతూ పాడేవారు. ఒకామె పాడితే మిగతావాళ్లు అందుకుంటారు. భాష గేలిక్. మన నాట్ల పాటలు విన్న చెవికి ఆ పద్ధతి వెంటనే తెలుస్తుంది. ఇవి పబ్బుల్లో రోజూ దొరకవు. ఎడిన్‌బరా విశ్వవిద్యాలయంలో 1951లో మొదలైన స్కాటిష్ అధ్యయన విభాగం ఊరూరా తిరిగి ఇలాంటివెన్నో రికార్డు చేసింది. చాలావరకు ‘తోబర్ అన్ డూల్‌హస్’ (Tobar an Dualchais) వెబ్‌సైట్‌లో ఉచితంగా వినవచ్చు. బయల్దేరేలోపే కొన్ని వినండి.

సముద్రం కోసం పోర్టోబెల్లో వెళ్లండి, ఊళ్లోంచి బస్సు ఉంటుంది. నీళ్లు ఆగస్టులో కూడా చల్లగానే ఉంటాయి, ఒడ్డున నడక హాయి. గొడుగు ఆ గాలికి నిలవదు, టోపీ ఉన్న రెయిన్ కోటు తీసుకెళ్లండి. ఉత్సవం మొదటి రోజుల్లో ప్రివ్యూ షోల టికెట్లు తక్కువకు వస్తాయి కాబట్టి, మీ ప్రయాణం తేదీ ఖాయం చేసేముందు అది చూడమని అబ్బాయికి చెప్పండి.