ఏ బీఎండబ్ల్యూ కొనాలి? పెదనాన్న ఉత్తరం

చిట్టితల్లికి,

నీ ఉత్తరం అందింది. బీఎండబ్ల్యూనే కొనాలని తేల్చుకున్నావు. చిన్న హ్యాచ్‌బ్యాక్ వన్ సిరీసా, నాలుగు తలుపుల టూ సిరీస్ గ్రాన్ కూపేనా, సెడాన్ త్రీ సిరీసా, ఎత్తుగా ఉండే ఎస్‌యూవీ ఎక్స్1ఆ అన్న దగ్గర ఆగిపోయావు. రాత్రుళ్లు నిద్ర మానేసి వీడియోలు చూస్తున్నావని మీ అమ్మ చెప్పింది. అంత టెన్షన్ అక్కర్లేదమ్మా. నాలుగు కార్లుగా చూస్తున్నావు కాబట్టి తేలడం లేదు. అవి నిజానికి రెండు కుటుంబాలు.

త్రీ సిరీస్ 1975లో పుట్టింది. దాని ఇంజిన్ బానెట్ కింద నిలువుగా, అంటే కారు పొడవు వెంబడి ఉంటుంది. వెనక చక్రాలు కారును తోస్తాయి, ముందు చక్రాలకు తిప్పడం ఒక్కటే పని. బరువు ముందుకీ వెనక్కీ దాదాపు సమానంగా పడుతుంది. మలుపులో స్టీరింగ్ చేతికి చెప్పే కబురు అందుకే అంత స్పష్టంగా ఉంటుంది. ఇప్పటి వన్ సిరీస్, గ్రాన్ కూపే, ఎక్స్1 అలా కాదు. వాటి ఇంజిన్ అడ్డంగా ఉంటుంది, లాగేవి ముందు చక్రాలు. మినీ కార్లతో పంచుకున్న నిర్మాణం అది. ఇది లోపమని నేననను. ఇంజిన్ అడ్డంగా పెడితే ముందు భాగం పొట్టిగా సరిపోతుంది, మిగిలిన చోటు మనుషులకు దక్కుతుంది. వానలో, జారే రోడ్డు మీద ముందు చక్రాల కారు కొత్తగా నడిపేవాళ్లకు భయం పెట్టదు.

పేరు చూసి మాత్రం మోసపోకు. టూ సిరీస్ కూపే, టూ సిరీస్ గ్రాన్ కూపే అన్నదమ్ముల్లా వినిపిస్తాయి. 2021లో వచ్చిన రెండు తలుపుల కూపే వెనక చక్రాలది, గ్రాన్ కూపే ముందు చక్రాలది. పాత కారు చూసే ఆలోచన ఉంటే సంవత్సరం కూడా అడగాలి. వన్ సిరీస్ 2019లో, ఎక్స్1 2015లో ముందు చక్రాలకు మారాయి. అంతకు ముందువి వెనక చక్రాలవే. ఎక్స్‌డ్రైవ్ అని రాసి ఉంటే నాలుగు చక్రాలకూ శక్తి అందుతుంది.

అంకెల సంగతి త్వరగా చెప్పేస్తాను. త్రీ సిరీస్ కార్ల మీద 318, 320, 330 అని చూసి ఇంజిన్ సైజు మారుతుందనుకుంటారు. 2018లో కంపెనీ చూపించిన త్రీ సిరీస్‌లో చాలా దేశాల్లో ఈ మూడు పెట్రోలు కార్లకూ రెండు లీటర్ల, నాలుగు సిలిండర్ల ఇంజినే. మారేది శక్తి. అవి వచ్చిన కొత్తలో 156, 184, 258 హార్స్‌పవర్. నీకు 320 చాలు. ఎం స్పోర్ట్ అన్న పేరు చూసి రేసు కారు అనుకోకు. అది బంపర్లు, సీట్లు, చక్రాల ముస్తాబు, కొన్నిసార్లు గట్టి సస్పెన్షన్. ఇంజిన్ మారదు.

ఇక అసలు విషయం, వెనక సీటు. దీని గురించి ఎవరూ వీడియో తీయరు. త్రీ సిరీస్‌లో ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 2851 మిల్లీమీటర్లు. గ్రాన్ కూపేలో 2670. ఆ తేడా కొంత మోకాళ్ల దగ్గర తెలుస్తుంది. గ్రాన్ కూపేకి పైకప్పు వెనక్కి వాలి ఉంటుంది. ఫొటోలో చాలా అందంగా కనిపించేది ఆ వాలే, పొడుగు మనిషి తలకు తగిలేదీ ఆ వాలే. చాలా ఏళ్ల క్రితం అలాంటి పైకప్పున్న కారు నేనూ కొన్నాను. షోరూమ్‌లో ముందు సీట్లో మాత్రమే కూర్చుని సంతకం పెట్టేశాను. మీ పెద్దమ్మ ఆ కారు ఎక్కినప్పుడల్లా తల వంచి, ఒక చేత్తో తలుపు పట్టుకుని కూర్చునేది. ఒక్కసారి కూడా నన్ను ఏమీ అనలేదు. నాకే బాధేసి మూడేళ్లకు అమ్మేశాను.

త్రీ సిరీస్‌కీ ఒక ఇబ్బంది ఉంది. వెనక చక్రాలకు శక్తి తీసుకెళ్లే షాఫ్టు మధ్యలోంచి పోతుంది కాబట్టి వెనక మధ్య సీటు ముందు నేల దిబ్బలా లేస్తుంది. అక్కడ కూర్చున్నవాళ్లు కాళ్లు అటొకటి ఇటొకటి పెట్టాల్సిందే. సీటు కూడా కిందకు ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు దాంట్లోంచి లేవాలంటే కష్టం. ఎక్స్1 సీటు ఎత్తు నడుముకు దగ్గరగా ఉంటుంది, కూర్చోవడం కుర్చీలో కూర్చున్నట్టే.

ఇంకొకటి. పెద్ద అలాయ్ వీల్స్ అడగకు. చక్రం పెద్దదైతే టైరు అంచు పలచబడుతుంది, ప్రతి గతుకూ వెన్నుకు తెలుస్తుంది. రన్‌ఫ్లాట్ టైర్లు ఉన్నాయేమో కూడా కనుక్కో. పంక్చరైనా గంటకు 80 కిలోమీటర్ల వేగం దాటకుండా 80 కిలోమీటర్ల దాకా నడపొచ్చు. కానీ వాటి గోడలు గట్టివి, వాటితోపాటు చాలాసార్లు స్టెప్నీ కూడా రాదు.

నా మనసు త్రీ సిరీస్ వైపే. డ్రైవింగ్ అంటే నీకెంత ఇష్టమో నాకు తెలుసు, ఎక్కువ దూరాలూ ఒక్కదానివే వెళ్తావు. వన్ సిరీస్ మీద మనసుంటే దాన్నీ తక్కువ చెయ్యను. ఇరుకు సందుల్లో, పార్కింగ్‌లో దానంత సుఖం మిగతావాటిలో ఉండదు. గ్రాన్ కూపే మాత్రం నీకు వద్దు. వారానికి రెండు మూడుసార్లు అమ్మానాన్నా వెనక కూర్చునేట్టయితే నా మాట పక్కన పెట్టి ఎక్స్1 తీసుకో.

టెస్ట్ డ్రైవ్‌కి ఒక్కదానివే వెళ్లకు, అమ్మను తీసుకెళ్లు. నునుపు రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి చాలంటారు, నువ్వు మాత్రం గతుకుల రోడ్డుకి పోనివ్వమని గట్టిగా అడుగు. ముందు సీటు నీకు సరిపడా జరుపుకుని, దాని వెనకే అమ్మను కూర్చోబెట్టు. త్రీ సిరీస్‌లోనూ, ఎక్స్1లోనూ మూడేసి సార్లు ఎక్కి దిగమను. ఏది బాగుందని వెంటనే అడగకు, దిగేటప్పుడు చెయ్యి ఎక్కడ ఆనించిందో చూడు. అది చూసి నాకు ఫోన్ చెయ్యి.

ప్రేమతో,
పెదనాన్న