క్యారీ వస్తే ఓవర్‌ఫ్లో అయినట్టేనా?

ప్రశ్న: 7483 ఐసీతో నాలుగు బిట్ల యాడర్-సబ్‌ట్రాక్టర్ కట్టాను. 5కు 6 కలిపితే 1011 వస్తోంది. మైనస్ సంఖ్యలను కూడా రాసే టూస్ కాంప్లిమెంట్ పద్ధతిలో అది −5. అయినా క్యారీ (నాలుగు బిట్లు దాటి బయటికొచ్చే 1) ఎల్‌ఈడీ వెలగదు. −3కు 5 కలిపితే 2 సరిగ్గానే వస్తుంది, ఎల్‌ఈడీ వెలుగుతుంది. ఐసీ పోయిందా?

జవాబు: ఐసీ బాగానే ఉంది. మీరు చూడాల్సింది క్యారీని కాదు, ఓవర్‌ఫ్లోని, అంటే జవాబు ఉన్న బిట్లలో పట్టకపోవడాన్ని. కూడికలో క్యారీ పనికొచ్చేది 0 నుంచి 15 దాకా గుర్తు లేని లెక్కలకు. గుర్తుతో లెక్కపెడితే నాలుగు బిట్లలో −8 నుంచి 7 దాకే చోటుంది కనుక 11 పట్టదు.

సైన్ బిట్‌లోకి (గుర్తు చెప్పే ఎడమ చివరి బిట్‌లోకి) వచ్చే క్యారీ, దాని నుంచి బయటికి పోయే క్యారీ వేరైతే ఓవర్‌ఫ్లో అయినట్టు. 0101, 0110 కలిపినప్పుడు సైన్ బిట్‌లోకి 1 వస్తుంది, బయటికి 0 పోతుంది. 1101, 0101 కలిపితే రెండూ 1. అందుకే అక్కడ జవాబు చెడలేదు.

చిక్కేమిటంటే, 7483లో చివరి క్యారీ సీ4కే పిన్ ఉంది, లోపలి క్యారీకి లేదు. అయితే కలిపే సంఖ్యలు ఏ, బీ, మొత్తం ఎస్‌ల సైన్ బిట్లయిన ఏ3, బీ3, ఎస్3లను (బిట్లను 0 నుంచి లెక్కపెడితే) ఎక్సార్ గేట్లతో (రెండు బిట్లు వేరైతేనే 1 ఇచ్చేవి) ఎక్సార్ చేస్తే ఆ లోపలి క్యారీయే తిరిగొస్తుంది. దాన్ని సీ4తో మళ్లీ ఎక్సార్ చేయండి, ఓవర్‌ఫ్లో చేతికొస్తుంది. మూడు గేట్లు చాలు. మీ ఎక్సార్ ఐసీ 7486లోని నాలుగు గేట్లూ తీసివేతలో బీని తిరగేయడానికే సరిపోతాయి కనుక ఇంకో 7486 కావాలి.

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే: బీ3ని స్విచ్ దగ్గర కాదు, ఎక్సార్ దాటాక, 7483 పిన్ దగ్గర తీసుకోవాలి. 3 నుంచి −6 తీసివేసి చూడండి. 1010 తిరగబడి 0101 అవుతుంది; 0011, 0101, కూడికో తీసివేతో చెప్పే మోడ్ లైన్ నుంచి వచ్చే 1 కలిస్తే 1001. అసలు జవాబు 9, పట్టదు. యాడర్‌కు అందిన బీ3 0 కనుక ఓవర్‌ఫ్లో 1 వస్తుంది. స్విచ్ దగ్గరి 1ని తీసుకుంటే 0 వచ్చి, తప్పు జవాబు ఒప్పుగా చెలామణీ అవుతుంది. కూడికలో మాత్రం ఈ లోపం బయటపడదు. కాబట్టి పరీక్ష తీసివేతతోనే చేయండి.

రేపు 7483 బదులు 74283 పెట్టాలనుకుంటే వైరింగ్ మార్చక తప్పదు. 7483కు 5వ పిన్ సప్లై, 12వ పిన్ గ్రౌండ్. 74283కు 16, 8.

ప్రశ్న: బీసీడీ (ఒక్కో దశాంశ అంకెను నాలుగు బిట్లలో రాసే పద్ధతి) కూడికలో మొత్తం 9 దాటితే 6 కలుపుతున్నాను. 8, 7 కలిపితే సరిగ్గా వస్తోంది. 9, 8 కలిపితే 01 వస్తోంది. ఎందుకు?

జవాబు: 9, 8 కలిస్తే 10001. మీ సర్క్యూట్ కింది నాలుగు బిట్లే చూసి, 0001 తొమ్మిది దాటలేదనుకుంటోంది. మొదటి యాడర్ క్యారీని కూడా షరతులో చేర్చండి: సీ4 1 అయినా, ఎస్3, ఎస్2 రెండూ 1 అయినా, ఎస్3, ఎస్1 రెండూ 1 అయినా 0110 కలపాలి. అప్పుడు 0001 కాస్తా 0111 అవుతుంది. పదుల స్థానానికి పంపాల్సిన 1 కూడా ఈ షరతు అవుట్‌పుట్టే. 6 కలిపే రెండో యాడర్ క్యారీని వాడకుండా వదిలేయండి.