ఏది తిన్నా కడుపు ఉబ్బరమేనా? ఆఖరి ముద్దను అనుమానించకండి

మీ ప్రశ్న చదివాను. విశాఖ గాజువాకలో ఉంటున్నారు, ఏది తిన్నా సాయంత్రానికి కడుపు ఉబ్బిపోతోంది, రోజూ మూడు నాలుగుసార్లు విరేచనం, పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి, డాక్టరు ఐబీఎస్ (పరీక్షల్లో ఏ లోపమూ కనిపించకపోయినా పేగులు ఇబ్బంది పెట్టే సమస్య) అన్నారు. పెరుగు మానేసి మూడు నెలలైనా గుణం కనిపించలేదు కాబట్టి, ఏం తినాలో ఏం తినకూడదో జాబితా ఇమ్మన్నారు. జాబితా ఇవ్వనండీ. అలాంటివి నాకు ఆరేడు దొరికాయి. వాటిని పట్టుకుని పెరుగు మానేశాను, గోధుమ మానేశాను, పళ్ళు మానేశాను. ఎనిమిది నెలలు అన్నం, చారు, బంగాళాదుంప కూరతో గడిపి ఐదు కిలోలు తగ్గాను. ఉబ్బరం మాత్రం ఎక్కడికీ పోలేదు. మీ పేగులకు ఏది పడుతుందో మీరే కనిపెట్టే పద్ధతి ఒకటి ఉంది, అది చెబుతాను.

దానికన్నా ముందు చెప్పవలసినది ఒకటుంది. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, నిద్రలోంచి లేచి మరీ విరేచనానికి వెళ్ళవలసి రావడం, రక్తహీనత, తరచూ జ్వరం, కుటుంబంలో పెద్దపేగు క్యాన్సర్ ఉండటం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తిండితో ప్రయోగాలు పక్కన పెట్టి మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళండి. గోధుమ మీద అనుమానం ఉంటే సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ పడక చిన్నపేగు దెబ్బతినే జబ్బు) రక్తపరీక్ష అయ్యాకే గోధుమ మానండి. ముందే మానేస్తే జబ్బు ఉన్నా పరీక్షలో బయటపడకపోవచ్చు. నేను ఆ పొరపాటు చేసి, మళ్ళీ కొన్ని వారాలు రోజూ చపాతీలు తిని పరీక్ష చేయించుకోవలసి వచ్చింది.

ఇక అసలు విషయం. నేను కూడా మొట్టమొదట పెరుగునే అనుమానించాను. మన భోజనం పెరుగన్నంతో ముగుస్తుంది కదా. చేయి కడుక్కున్న అరగంటకు కడుపులో మెలిపెడితే గుర్తొచ్చేది ఆఖరి ముద్దే. కానీ పేగుల లెక్క వేరు. కడుపులో కొత్తగా తిండి పడగానే పెద్దపేగు కదలడం మొదలుపెడుతుంది. ఇది అందరికీ ఉండే సహజమైన స్పందన, మనలాంటి వాళ్ళకు కాస్త ఎక్కువ. అప్పుడు బయటికి వచ్చేది నిన్నటి తిండి, ఇప్పుడు తిన్నది కాదు. ఉబ్బరం సంగతీ అంతే. చిన్నపేగులో ఇంకని పదార్థం పెద్దపేగు చేరి, అక్కడి సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి గ్యాస్ తయారుచేయడానికి గంటలు పడుతుంది. అంటే మధ్యాహ్నం బాధకు ఉదయం తిన్న ఉల్లి పెసరట్టు కారణమై ఉండవచ్చు. మీరు పెరుగు మానేసినా తగ్గకపోవడం నాకు అందుకే వింతగా అనిపించలేదు.

నాకు ఇది తెలిసింది కార్తీకమాసంలో. మా ఇల్లు సీతమ్మధారలో. అత్తయ్య కార్తీకం నెల రోజులూ ఉల్లి, వెల్లుల్లి ఇంట్లోకి రానివ్వరు. అప్పటికి రెండు నెలలుగా నేను ఒక నోటుపుస్తకం రాస్తున్నాను. ఎన్ని గంటలకు తిన్నాను, ఏమిటి, ఎన్ని గరిటెలు, ఎలా నిద్రపోయాను, రాత్రి పడుకునే ముందు కడుపు బాధకు పదికి ఎన్ని మార్కులు. ఆశ్వయుజం పేజీల్లో మార్కుల వరుస ఆరు, ఏడు, ఏడు, ఐదు, ఎనిమిది. కార్తీకం రెండో వారానికి రెండు, రెండు, ఒకటి, మూడు. సీలియాక్ పరీక్ష కోసం నేను చపాతీలు తిన్నదీ ఆ రోజుల్లోనే. మాసం ముగిసి పోలి స్వర్గం దీపాలు వదిలిన మర్నాడు ఇంట్లో ఉల్లిపాయ పులుసు పెట్టుకున్నాం. ఆ రోజు పేజీలో ఎనిమిది ఉంది.

అప్పుడైనా తొందరపడి ఉల్లిపాయే అని తేల్చేయలేదు. ఒక వారం మళ్ళీ మానేసి కడుపు నెమ్మదించాక, మిగతా తిండి ఏదీ మార్చకుండా పరీక్ష పెట్టుకున్నాను. మొదటి రోజు మధ్యాహ్నం కూరలో ఒక చెంచా తరుగు. ఏమీ కాలేదు. రెండో రోజు పావు ఉల్లిపాయ. సాయంత్రం ఐదింటికి చుడీదార్ నాడా వదులు చేసుకోవలసి వచ్చింది. మూడో రోజు సగం తినాలని అనుకున్నాను కానీ అక్కడితో ఆపేశాను. నాలుగు రోజులు ఆగి వెల్లుల్లి, ఆ తర్వాత పాలు, ఆ తర్వాత కందిపప్పు. ఒకసారి ఒక్కటే. ఇదే ఆ పద్ధతి. ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఫాడ్‌మ్యాప్ పథ్యం అని దీన్ని రూపొందించారు. ఉల్లి, వెల్లుల్లి, గోధుమల్లో ఉండే ఫ్రక్టాన్లు, పప్పుల్లోని గాలక్టాన్లు, పాలలోని లాక్టోజ్, మామిడిపండు, తేనెల్లోని అదనపు ఫ్రక్టోజ్, కొన్ని పళ్ళలో ఉండే సార్బిటాల్ వంటి చక్కెర జాతి పదార్థాలు చిన్నపేగులో సరిగా ఇంకవు. నీటిని లాగుతాయి, పులుస్తాయి. లాక్టోజ్, ఫ్రక్టోజ్ కొందరికి బాగానే ఇంకుతాయి గానీ, ఫ్రక్టాన్లు, గాలక్టాన్ల విషయంలో ఇది అందరికీ జరిగేదే. పేగు సాగినప్పుడు ఐబీఎస్ ఉన్న మనలాంటి వాళ్ళ నరాలు దాన్ని నొప్పిగా చెబుతాయి, తేడా అంతే. రెండు నుంచి ఆరు వారాలు అన్నిటినీ తగ్గించి, తర్వాత ఒక్కొక్కటిగా తిరిగి తెచ్చుకోవాలి. చాలామంది మొదటి సగం చేసి రెండో సగం వదిలేస్తారు. దయచేసి మీరు అలా చేయకండి. ఏళ్ళ తరబడి అన్నీ మానేస్తే పేగుల్లోని మంచి సూక్ష్మజీవులకూ తిండి దొరకదు, మీ ఒంటికీ దొరకదు. వీలైతే ఆహార నిపుణురాలి సలహాతో చేయండి.

వంటింట్లో నేర్చుకున్నది ఒకటి చెబుతాను, ఇది ఎవరూ ముందుగా చెప్పలేదు. పులుసులో ఉల్లిపాయ ముక్కలు ఏరి కంచం అంచున పెట్టి తినేదాన్ని. ఫలితం లేదు. ఫ్రక్టాన్లు నీటిలో కరుగుతాయి, ముక్క తీసేసినా పులుసులో అవి ఉంటాయి. నూనెలో కరగవు. కాబట్టి నూనెలో వెల్లుల్లి రెబ్బలు నలపకుండా వేయించి, తీసేసి, ఆ నూనెతో పోపు పెట్టుకుంటే వాసన ఉంటుంది, బాధ ఉండదు. ఉల్లికాడల్లో ఆకుపచ్చ భాగం పడుతుంది, తెల్ల గడ్డ పడదు. మిగతా రుచికి ఇంగువ. ఇంగువ పొడిలో గోధుమ పిండి కలుపుతారు కాబట్టి సీలియాక్ ఉన్నవాళ్ళు మాత్రం డబ్బా మీద చదివి కొనుక్కోవాలి. పప్పు విషయంలోనూ నీళ్ళదే కథ. రాత్రి నానబెట్టి ఆ నీళ్ళు పారబోసి కొత్త నీళ్ళలో ఉడికిస్తే నాకు చాలా తేడా కనిపించింది. పప్పుకట్టుతో పెట్టిన చారు తేలిక అనుకుంటాం గానీ, పప్పులో కరిగేదంతా ఆ కట్టులోకే దిగుతుంది. పెసరపప్పు రెండు గరిటెలు నాకు హాయిగా అరుగుతుంది, కందిపప్పు ఒక గరిటె దాటకూడదు.

ఆనపకాయ, బీరకాయ, వంకాయ, చోడి అంబలి, ఇడ్లీ, చేపలు నాకు పడ్డాయి. చేపలో అసలు ఈ చక్కెరలే ఉండవు, మసాలాలో వేసే ఉల్లి ముద్దే ఇబ్బంది పెడుతుంది. వంజరం ముక్కలకు పసుపు, ఉప్పు, కారం, నిమ్మరసం పట్టించి వేయించుకుంటే సరిపోతుంది. పనసతొనలు, సీతాఫలం, జీడిపప్పు నాకు పడలేదు. బీచ్‌లో ముంత మసాలా ఉల్లిపాయ వేయకుండా కలపమంటే కలిపి ఇస్తారు. కారం ఈ చక్కెరల కోవలోది కాదు, కానీ పేగుల్లో నొప్పి తెలిపే నరాలను అది నేరుగా రేపుతుంది. మీ పుస్తకంలో దానికి వేరే గడి పెట్టండి.

మోతాదులు కలిసిపోతాయన్నది కూడా గుర్తుంచుకోండి. ఒక చపాతీ పడుతుంది, ఒక గరిటె పప్పు పడుతుంది, అరకప్పు పాలతో కాఫీ పడుతుంది. మూడూ ఒకే పూట పడితే నాకు ఐదు మార్కులు. రాత్రి నిద్ర లేకపోతే అవే మూడూ ఎనిమిది.

మీ పెరుగు సంగతికి వస్తాను. నేను ఎనిమిది నెలల తర్వాత పెరుగన్నం తిన్న రోజు అత్తయ్య గిన్నెలో చిన్న గరిటెడు వేసి, నా ముఖంలోకే చూస్తూ కూర్చున్నారు. సాయంత్రం దాకా రెండుసార్లు అడిగారు. ఏమీ కాలేదు. తోడు పెట్టినప్పుడు పాలలోని లాక్టోజ్ కొంత తగ్గుతుంది, అందుకే గ్లాసు పాలు పడనివాళ్ళకు కూడా పెరుగు పడవచ్చు. మీరు ఒక పది రోజులు ఉల్లి, వెల్లుల్లి మానేసి పుస్తకం రాయండి. మార్కులు తగ్గితే, మధ్యాహ్నం పూట పెరుగు మొదటి రోజు పావు కప్పు, రెండో రోజు అరకప్పు, మూడో రోజు ముప్పావు కప్పు తిని, మూడు రాత్రుల మార్కులూ ఇక్కడ రాయండి. తర్వాత ఏది పరీక్షించాలో వాటిని చూసి చెప్పుకుందాం.