ఒక్క ఊపిరిలో పగడాల లెక్క

ప్రశ్న: పగడపు దిబ్బల పరిశీలనకు ఫ్రీడైవింగ్ (సిలిండర్ లేకుండా, ఊపిరి బిగబట్టి నీళ్లలోకి దిగడం) మొదలుపెట్టాం. మాలో ఎవరూ నిమిషానికి మించి నీటి కింద ఉండలేరు. ఆ కాస్తలో పనికొచ్చే సమాచారం ఏం దొరుకుతుంది?

జవాబు: దొరుకుతుంది, కానీ ఒక డైవ్‌కి ఒకటే పని పెట్టుకోవాలి. చేపల్ని లెక్కపెడుతూ, ఫొటోలూ తీసి, రంగూ చూస్తామంటే మూడూ చెడతాయి. మీకు కోరల్‌వాచ్ రంగుల అట్ట సరిపోతుంది. క్వీన్స్‌ల్యాండ్ విశ్వవిద్యాలయంలో 2002లో మొదలైన పద్ధతి ఇది. అట్ట మీద బి, సి, డి, ఇ అని నాలుగు వరుసలు, ఒక్కో వరుసలో 1 నుంచి 6 దాకా ఛాయలుంటాయి. పగడానికి తగలకుండా పక్కన పట్టుకుని, బాగా పాలిపోయిన చోట ఏ ఛాయ, బాగా ముదురుగా ఉన్నచోట ఏ ఛాయ అని చూడాలి. ‘డి2, డి5’, అంతే. పైకి రాగానే చెప్పేయకండి. ముందు మూడు నాలుగు ఊపిరులు, తర్వాతే మాట. రాసుకునే పని పడవలోని మనిషికి వదిలేయండి, నీళ్లలోని తోడు కళ్లు మీమీదే ఉండాలి.

కొమ్మల కొసల్ని చూడొద్దు. అక్కడ కొత్తగా పెరుగుతుంది కాబట్టి ఆరోగ్యంగా ఉన్నా తెల్లగానే కనిపిస్తుంది. విడతకు కనీసం 20 పగడాలు చూడండి. తర్వాతి విడతల్లో రెండు ఛాయలు పడిపోతే, పగడం ఒంట్లో ఉండి దానికి తిండి పెట్టే సూక్ష్మ శైవలాలు (కంటికి కనిపించని నాచులాంటివి) తగ్గుతున్నట్టు. అట్టను ఇంట్లో ప్రింటు తీసుకోవద్దు, రంగులు తేడా వస్తాయి.

ప్రశ్న: దిగేముందు గబగబా పదిహేనుసార్లు ఊపిరి తీస్తే ఎక్కువసేపు ఆగగలుగుతున్నాం. మాతో వచ్చే విద్యార్థులకూ నేర్పమంటారా?

జవాబు: నేర్పకండి, మీరూ మానేయండి. దానివల్ల ఒంట్లో ఆక్సిజన్ పెద్దగా పెరగదు, కార్బన్ డయాక్సైడ్ మాత్రం పడిపోతుంది. ‘ఇక ఊపిరి తీసుకో’ అని తొందరపెట్టేది ఆ కార్బన్ డయాక్సైడే. అంటే మీకు కలిసొచ్చింది సమయం కాదు, హెచ్చరిక ఆలస్యమైంది. పది మీటర్ల లోతులో పీడనం ఉపరితలం కంటే రెట్టింపు. పైకి వస్తుంటే అది సగానికి తగ్గుతుంది, దాంతోపాటే ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ పీడనమూ పడిపోతుంది. అందుకే చాలామంది స్పృహ తప్పేది అడుగున కాదు, పైకి చేరబోతూనో, చేరాకనో.

దిగేముందు రెండు నిమిషాలు మామూలుగా, నెమ్మదిగా ఊపిరి తీయండి. నీళ్లలో ఉన్నంత సేపటికి కనీసం రెట్టింపు సేపు పైన విశ్రాంతి. ఒకరు దిగితే ఒకరు పైన కాపలా, వచ్చాక కూడా 30 సెకన్లు కనిపెట్టుకుని ఉండాలి. మునగడానికి నడుముకు కట్టుకునే సీసం బరువులు ఎంతుండాలంటే, పైన ఊపిరి వదిలేసినా మునగకూడదు. విద్యార్థులకైతే మాస్కు, స్నార్కెల్‌తో (ఊపిరి గొట్టంతో) పైనుంచి చూడటమే చాలు. ‘ఎవరు ఎక్కువసేపు ఆగుతారో’ అనే పోటీ మాత్రం పెట్టొద్దు.

ప్రశ్న: ఏడు మీటర్ల లోతులో పగడానికి పాత వల చుట్టుకుంది. దిగి కోసేయమా?

జవాబు: వద్దు. కాలికి తొడిగిన ఫిన్ వల కన్ను ఒక్కదాంట్లో ఇరుక్కుంటే విడిపించుకునేంత ఊపిరి మీ దగ్గర ఉండదు. లాగితే వలతోపాటు కొమ్మలూ విరిగొస్తాయి. దూరంగా ఉండి ఫొటో తీయండి. లోతు, జీపీఎస్ గుర్తు, వల కన్ను సుమారు ఎంత ఉందో, చిక్కిన జీవులున్నాయో రాసి, వల తొలగింపులో శిక్షణ ఉన్న స్కూబా (గాలి సిలిండర్లతో దిగే) బృందానికి ఇవ్వండి. గుర్తుకు నీటి మీద తేలే బోయ కట్టాలంటే పగడానికి కాదు, పక్కన ఇసుకలో వేసిన బరువుకు కట్టండి.